తౌబా చేసిన వాడికి మన మొహల్లాలో చోటుందా?

'మొక్కై వంగనిది మానై వంగునా?' అని తెలుగులో ఒక సామెత ఉంది. ఉర్దూలో ఇంకాస్త ఘాటుగా 'నౌ సౌ చూహే ఖాకే బిల్లీ హజ్ కో చలీ' అంటారు. తొమ్మిది వందల ఎలుకలను తిన్న పిల్లి హజ్ యాత్రకు బయలుదేరిందట! మొదటి సామెత మనిషి మారడం అసాధ్యమంటుంది. రెండోది మారానని చెప్పేవాడిని చూసి నవ్వుతుంది. జైలు నుంచి విడుదలైన మనిషి మన వీధిలో అడుగు పెట్టగానే ఈ రెండు సామెతలూ మన నాలుకల మీదికి వచ్చేస్తాయి.

ఆవేశంలో ఒక్కసారి చేయి చేసుకుని జైలుకు వెళ్ళిన వాడి గురించి కాదు మేము ఇక్కడ ప్రస్తావిస్తున్నది. అలాంటి వాడి మీద లోకానికి కాస్తో కూస్తో జాలి ఉంటుంది. అసలు చిక్కు కరడుగట్టిన నేరస్తుడి విషయంలోనే వస్తుంది. దొంగతనమే వృత్తిగా బతికిన వాడు, మామూళ్ళ కోసం కత్తి పట్టి తిరిగిన వాడు, ఒకటికి నాలుగుసార్లు శిక్ష పడినా మళ్ళీ అదే దారి పట్టిన వాడు, హత్య చేసిన వాడు - వీళ్ళు మారతారా? మారారని మనం నమ్మవచ్చా? నమ్మి మోసపోతే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలు తేలికైనవి కావు. 'అల్లాహ్ క్షమాశీలుడు' అని ఒక్క మాట చెప్పి దాటవేయదగినవీ కావు.

తొంభై తొమ్మిది హత్యలు చేసిన వాడు

సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఒక హదీసు మన పాఠకుల్లో చాలామంది జుమా ప్రసంగాల్లో వినే ఉంటారు. పూర్వకాలంలో ఒక వ్యక్తి తొంభై తొమ్మిది మందిని చంపాడు. తర్వాత అతని మనసులో కలత పుట్టింది. ఒక సన్యాసి దగ్గరికి వెళ్ళి తనకు తౌబా ఉందా అని అడిగాడు. లేదన్నాడు సన్యాసి. అతను ఆ సన్యాసిని కూడా చంపేశాడు. లెక్క నూరైంది. అయినా మనసు నిలవలేదు. ఈసారి ఒక పండితుణ్ణి ఆశ్రయించాడు. తౌబాకూ నీకూ మధ్య ఎవరు అడ్డు రాగలరు అన్నాడు ఆ పండితుడు. అయితే అంతటితో ఊరుకోలేదు. ఫలానా ఊరికి వెళ్ళు, అక్కడ దైవాన్ని ఆరాధించే మంచివాళ్ళు ఉన్నారు, వాళ్ళతో కలిసి ఉండు, నీ ఊరికి మళ్ళీ తిరిగి వెళ్ళకు, అది చెడ్డ ఊరు అని చెప్పాడు.

అతను బయలుదేరాడు. సగం దారిలో మరణం వచ్చింది. కారుణ్య దూతలు, శిక్షా దూతలు అతని కోసం వాదించుకున్నారు. చివరికి రెండు ఊళ్ళకూ మధ్య దూరం కొలిచారు. మంచివాళ్ళ ఊరికి ఒక్క జానెడు దగ్గరగా ఉన్నాడని తేలింది. కారుణ్య దూతలు అతన్ని తీసుకువెళ్ళారు.

ఈ హదీసును మనం సాధారణంగా అల్లాహ్ కారుణ్యం ఎంత విశాలమో చెప్పడానికే వినిపిస్తాం. అది ముమ్మాటికీ నిజం. కానీ ఇందులో మనుషుల గురించి కూడా ఒక పాఠం ఉంది. దాన్ని మనం అంతగా పట్టించుకోం. ఆ సన్యాసి చెడ్డవాడు కాదు, ఆరాధకుడే. అయితే జ్ఞానం లేకుండా తలుపు మూసేశాడు. తలుపు మూసుకుపోయిందని తెలిసిన మనిషి, ఇక పోగొట్టుకునేది ఏముందని మళ్ళీ చేయెత్తాడు. నూరో హత్య చేసిన పాపం నిస్సందేహంగా హంతకుడిదే. కానీ నిరాశ మనిషిని ఎక్కడికి తోస్తుందో ఆ సంఘటన చూపిస్తోంది.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. పండితుడు అతనికి క్షమాపణ ఉందన్న కబురు మాత్రమే చెప్పి పంపలేదు. ఒక ఊరు చూపించాడు, సహవాసం చూపించాడు. పాత ఊరిలో, పాత స్నేహితుల మధ్య ఆ తౌబా నిలవదని ఆయనకు తెలుసు. తౌబా మనిషి గుండెలో పుడుతుంది. కానీ అది బతకాలంటే కాలు మోపే నేల కావాలి. మరి ఆ పండితుడు చెప్పినటువంటి ఊరు ఇవాళ మనలో ఎక్కడుంది? మన మొహల్లా అలాంటిదేనా?

దారిదోపిడీ నుంచి హదీసు పాఠం వరకు

హజ్రత్ ఫుజైల్ బిన్ అయాజ్ (రహ్మ) పేరు వినని మదర్సా విద్యార్థి ఉండడు. ఆయన మొదట ఖురాసాన్ ప్రాంతంలో అబీవర్ద్, సరఖ్స్ పట్టణాల మధ్య దారికాచి దోచుకునే దొంగ అని చరిత్రకారులు రాశారు. ఒక రాత్రి ఒక స్త్రీ కోసం గోడ ఎక్కుతుండగా ఎవరో ఖుర్ఆన్ పారాయణం చేయడం వినిపించింది. విశ్వాసుల హృదయాలు మెత్తబడే వేళ ఇంకా రాలేదా అన్న అర్థం గల ఆయతు (సూరా అల్ హదీద్, 16వ ఆయతు) చెవిన పడింది. వేళ వచ్చింది ప్రభూ అంటూ గోడ దిగిపోయాడు. ఆ రాత్రి ఒక పాడుబడిన కట్టడంలో తలదాచుకోబోతే అక్కడ ప్రయాణికుల బృందం ఒకటి ఉంది. ఇప్పుడే బయలుదేరదామని కొందరు, వద్దు, దారిలో ఫుజైల్ ఉంటాడు, తెల్లవారాక వెళదామని కొందరు మాట్లాడుకుంటున్నారు. తన పేరు చెప్పుకుని జనం ఇంతగా వణుకుతున్నారా అని ఆయన కుమిలిపోయారు.

ఆ తర్వాత ఆయన కూఫా వెళ్ళి హదీసు విద్య నేర్చుకున్నారు. మక్కాలో స్థిరపడ్డారు. హిజ్రీ 187 (క్రీ.శ. 803)లో అక్కడే మరణించారు. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్, ఇమామ్ షాఫిఈ (రహ్మ) వంటి మహనీయులు ఆయన నుంచి హదీసులు గ్రహించారు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. హదీసు ఉల్లేఖకుల మంచిచెడ్డలు విచారించే శాస్త్రాన్ని 'ఇల్మె రిజాల్' అంటారు. మనిషి నమ్మకాన్ని అంత కఠినంగా తూచిన విద్య మరొకటి ఉండదేమో! జ్ఞాపకశక్తి కాస్త తగ్గిందని, మాటలో కొంచెం తేడా ఉందని ఎందరినో ముహద్దిసులు పక్కన పెట్టారు. అలాంటి పండితులు ఒకప్పటి దారిదోపిడీ దొంగను 'సిఖా' అన్నారు, అంటే పూర్తిగా నమ్మదగిన వాడు అన్నారు. సహీహ్ గ్రంథాల్లో ఆయన ఉల్లేఖనాలున్నాయి. ఆయన గతం వాళ్ళకు తెలియక కాదు. తెలిసి, తూచి, పరీక్షించి స్వీకరించారు. కనుక కరడుగట్టిన నేరస్తుడు మారగలడా అన్న ప్రశ్నకు మన ధార్మిక సంప్రదాయం ఎప్పుడో జవాబు చెప్పేసింది. మారగలడు.

అయితే ఫుజైల్ (రహ్మ) ఒక్క రాత్రిలో తౌబా చేశారు గానీ, ఒక్క రాత్రిలో నమ్మకస్తులు కాలేదు. ఈ తేడాను అర్థం చేసుకోకపోవడం వల్లనే మనం అయితే గుడ్డిగా నమ్ముతాం, లేదా గుడ్డిగా తరిమేస్తాం.

మూడు లెక్కలు

నేరం చేసిన మనిషి మూడు చోట్ల లెక్క అప్పజెప్పవలసి ఉంటుంది. మొదటిది అల్లాహ్ దగ్గర. రెండోది తాను అన్యాయం చేసిన వారి దగ్గర. మూడోది తాను బతకవలసిన సమాజం దగ్గర. ఒక చోట చెల్లించినంత మాత్రాన మిగతా రెండు చోట్ల బాకీ తీరినట్లు కాదు.

మొదటి లెక్క దాసుడికీ ప్రభువుకూ మధ్య విషయం. చేసిన దానికి నిజంగా సిగ్గుపడాలి, ఆ పనిని వెంటనే వదిలేయాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఉలమాలు చెప్పిన తౌబా షరతులు ఇవి. ఇందులో మనకు ఏ జోక్యమూ లేదు. వాడిది దొంగ తౌబా అని తీర్పు చెప్పడానికి మనకు ఎవరి గుండె లోపలా కన్ను లేదు.

రెండో లెక్కను 'హుఖూఖుల్ ఇబాద్' అంటారు, అంటే సాటి దాసుల హక్కులు. దీన్ని మన ప్రసంగాల్లో చాలాసార్లు మరచిపోతాం. దివాళా తీసినవాడు ఎవరో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వివరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. నమాజులు, ఉపవాసాలు, జకాత్ అన్నీ వెంటబెట్టుకుని వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరి రక్తం చిందించి వచ్చినవాడి పుణ్యాలన్నీ ఆ బాధితులకు పంచిపెట్టబడతాయి. పుణ్యాలు అయిపోతే వాళ్ళ పాపాలు ఇతని నెత్తిన పడతాయి. కనుక గడ్డం పెంచి, ఐదు పూటలా మొదటి వరుసలో నిలబడినంత మాత్రాన దోచిన సొమ్ము హలాల్ అయిపోదు. ఇవ్వగలిగింది తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే వెళ్ళి అడగాలి, వాయిదా అడగాలి, మాఫీ అడగాలి.

దారిదోపిడీకి ఖుర్ఆన్ సూరా అల్ మాయిదాలో అతి కఠినమైన శిక్షలు పేర్కొంది. ఆ వెంటనే, పట్టుబడక ముందే పశ్చాత్తాపపడిన వారికి మినహాయింపు కూడా ఇచ్చింది. అయితే ఆ మినహాయింపు వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న వారి వారసుల హక్కు, సొమ్ము పోగొట్టుకున్న వారి హక్కు రద్దు కావని ధర్మశాస్త్ర పండితులు స్పష్టం చేశారు. హత్య విషయంలో మాఫీ చేసే అధికారం కూడా హతుడి వారసులదే. మరెవరికీ ఆ హక్కు లేదు.

ఈ మాటను మన పెద్దలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లి దగ్గరికి నలుగురు పెద్దమనుషులు వెళ్ళి, వాడు మారిపోయాడమ్మా, నమాజు చేస్తున్నాడు, నువ్వు మాఫీ చేసెయ్యి అని ఒత్తిడి తేవడం న్యాయం కాదు. మాఫీ చేస్తే ఆమెకు పుణ్యం. చేయకపోతే ఆమె పాపాత్మురాలు కాదు. హజ్రత్ వహ్షీ (రజి) ఉదంతం చూడండి. క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) బాబాయి హజ్రత్ హంజా (రజి)ను ఈటెతో చంపినది ఆయనే. అప్పటికి ఆయన బానిస. ఆ పని చేస్తే స్వేచ్ఛ ఇస్తామని ఆశ చూపించారు. తర్వాతి కాలంలో ఆయన ఇస్లాం స్వీకరించి దైవప్రవక్త (స) ముందుకు వచ్చారు. ఆయన ఇస్లాం స్వీకరించబడింది, ప్రాణానికి అభయం లభించింది. అయితే వీలైతే తన కళ్ళ ఎదుటికి రాకుండా ఉండమని దైవప్రవక్త (స) కోరారు. సర్వలోకాలకు కారుణ్యమూర్తిగా వచ్చిన ప్రవక్తకే బాబాయి జ్ఞాపకం అంత బాధ కలిగించింది. వహ్షీ (రజి) ఆ మాటను మన్నించి దూరంగా ఉన్నారు. ఆ తర్వాత యమామా యుద్ధంలో అబద్ధపు ప్రవక్త ముసైలిమాపై అదే ఈటె విసిరారు. శిక్ష తప్పించడం వేరు, గాయపడిన వాళ్ళు నవ్వుతూ ఎదురు రావాలని కోరడం వేరు అని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దేశ న్యాయవ్యవస్థ కూడా ఈ రెండో లెక్కను గుర్తించింది. ఖైదీలకు వాళ్ళు చేసే పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ రాష్ట్రానికి సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. ఆ కూలిలో కొంత భాగాన్ని బాధితులకు నష్టపరిహారంగా వేరుచేసే ఏర్పాటు ఉండాలని కూడా అదే తీర్పులో పేర్కొంది. ఖైదీ చేతి కష్టంలో బాధితుడికి వాటా ఉండాలన్న ఈ ఆలోచన ఎంతో సమంజసమైనది.

నమ్మకానికి గడువు

ఇక మూడో లెక్క సమాజం నమ్మకానికి సంబంధించినది. ఇది కన్నీళ్ళతో తీరదు. దీనికి కాలం కావాలి. ఖుర్ఆన్ చాలాచోట్ల తౌబాతో పాటే 'ఇస్లాహ్' అన్న మాటను, అంటే తనను తాను సంస్కరించుకోవడాన్ని జోడించి చెబుతుంది. తప్పు చేసి తౌబా చేసుకున్న వ్యక్తి సాక్ష్యాన్ని ఎప్పటినుంచి స్వీకరించాలి అన్న చర్చ ఫిఖ్ గ్రంథాల్లో ఉంది. ఆరు నెలలు పరిశీలించాలని కొందరన్నారు. సంవత్సరం గడవాలని కొందరన్నారు. ఎందుకంటే ఏడాదిలో అన్ని రుతువులూ వచ్చిపోతాయి, ప్రతి రుతువులోనూ మనిషి మనసు ఒక్కో రకంగా లాగుతుంది, అన్నింటినీ తట్టుకుని నిలబడితే అతని మార్పు నిజమైనదని వారి అభిప్రాయం. శీలవతుల మీద అపనింద వేసి శిక్ష పొందినవాడి విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇంకా కఠినంగా ఉన్నారు. తౌబా వల్ల అతని పాపం పోతుంది గానీ, అతని సాక్ష్యం మాత్రం ఇక ఎన్నడూ చెల్లదన్నారు. మిగతా ముగ్గురు ఇమాములు తౌబా తర్వాత చెల్లుతుందన్నారు.

అంటే ఏమిటి? క్షమించడం, నమ్మడం రెండూ ఒకటి కావని మన ఇమాములకు బాగా తెలుసు. జైలు నుంచి వచ్చిన వాడికి సలాం చెప్పి పక్కన నిలబడనివ్వడానికి గడువు అక్కర్లేదు. దుకాణం గల్లాపెట్టె తాళం ఇవ్వడానికి గడువు కావాలి. పిల్లల మీద అఘాయిత్యం చేసినవాడు ఎంత మారానన్నా వాణ్ణి పిల్లలున్న చోట పనికి పెట్టకూడదు. ఇది పగ కాదు, జాగ్రత్త. అతని తౌబాకు కూడా దీనివల్ల మేలే జరుగుతుంది.

ఈ గడువు విషయంలో ఈనాటి లెక్కలు కూడా ఆలోచింపజేస్తాయి. అమెరికాలో 2005లో 30 రాష్ట్రాల జైళ్ళ నుంచి విడుదలైన సుమారు 4 లక్షల మందిని అక్కడి ప్రభుత్వ గణాంక సంస్థ తొమ్మిదేళ్ళ పాటు గమనించింది. మూడేళ్ళలోపే నూటికి 68 మంది మళ్ళీ అరెస్టయ్యారు. ఈ అంకె చూసి, అందుకే మేము చెప్పేది, వీళ్ళు మారరు అని కొందరు అనవచ్చు. అయితే అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. విడుదలైన మొదటి ఏడాదిలో నూటికి 44 మంది అరెస్టయితే, తొమ్మిదో ఏడాదిలో అరెస్టయిన వారు 24 మంది మాత్రమే. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ మొదటి ఏడాదే. మన పూర్వ పండితులు పరిశీలించమన్నదీ ఆ ఏడాదినే. ఆ ఏడాదిలోనే మనిషికి ఇల్లు దొరకదు, పని దొరకదు, పాత స్నేహితులు మాత్రం గుమ్మం దగ్గరే కాచుకుని ఉంటారు.

స్టూవర్టుపురం చెప్పే పాఠం

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకునే వారి కోసం మన తెలుగు నేల మీద జరిగిన విషయమే చెబుతాం. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అనే ఊరుంది. ఒకప్పుడు ఆ పేరు చెబితే జనం తలుపులు గడియపెట్టుకునేవారు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలకు ముద్ర వేశారు. 1911లో ఆ చట్టాన్ని సవరించి మద్రాసు రాష్ట్రంలో కూడా అమలు చేశారు. ఎరుకల కుటుంబాలను ఒక చోట చేర్చి సెటిల్‌మెంటు పెట్టారు. దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. స్టూవర్ట్ అనే ఆంగ్ల అధికారి పేరే ఆ ఊరికి వచ్చింది. వేలిముద్రలు ఇవ్వడం, హాజరు పలకడం, అనుమతి లేకుండా ఊరు దాటకపోవడం - ఇదీ వాళ్ళ బతుకు. తల్లి ఒడిలోని బిడ్డ కూడా సర్కారు దృష్టిలో రేపటి దొంగే!

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. ఊరి పేరు చెబితే పని ఇచ్చేవాడు లేడు. పని లేనివాడు పాత దారికి పోతే, చూశారా, మేము చెప్పలేదా అనేవాళ్ళు కోకొల్లలు. 1970ల దశకంలో లవణం, హేమలత దంపతులు ఆ ఊళ్ళో అడుగు పెట్టారు. లవణం గారు విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కుమారుడు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువా కుమార్తె. వారు 'సంస్కార్' అనే సంస్థ ద్వారా నేరం మానిన వారికి అండగా నిలిచారు. పిల్లల చదువుల కోసం, వదిలిన వృత్తికి బదులు మరో ఉపాధి కోసం పాటుపడ్డారు. ఇవాళ ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న వారు ఎందరో ఉన్నారు.

మేము ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పదలిచాం. లవణం దంపతులు దేవుణ్ణి నమ్మని వారు. తౌబా ద్వారం తెరిచే ఉందని వాళ్ళకు ఏ గ్రంథమూ చెప్పలేదు. అయినా దొంగలని ముద్రపడిన వారి ఇళ్ళలోకి వెళ్ళి కూర్చున్నారు. తొంభై తొమ్మిది హత్యలు చేసిన వాడి హదీసు చదివే మనం, జైలు నుంచి వచ్చిన మన సొంత మొహల్లా కుర్రవాడి ఇంటి గుమ్మం ఎక్కడానికి వెనకాడుతున్నాం. రేపు ప్రళయదినాన ఈ తేడా గురించి మనల్ని అడిగితే ఏం జవాబు చెబుతాం?

షైతానుకు సహాయం చేయవద్దు

పదేపదే తప్పు చేసేవాడి విషయంలో కూడా మనకు మార్గదర్శకత్వం లేకపోలేదు. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి మద్యం తాగి శిక్ష పొందుతూ ఉండేవాడు. మళ్ళీ మళ్ళీ పట్టుబడేవాడు. ఒకసారి శిక్ష అమలైన తర్వాత ఒకాయన, ఎన్నిసార్లు వీణ్ణి తీసుకువస్తారు అంటూ అతన్ని శపించాడు. దైవప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తాడని చెప్పారు. మీ సోదరుడికి వ్యతిరేకంగా షైతానుకు సహాయపడకండి అన్న భావం గల ఆదేశం కూడా ఇలాంటి సందర్భంలోనే వచ్చింది. ఇవి సహీహ్ బుఖారీలో ఉన్నాయి. ఇక్కడ శిక్ష ఆగలేదు. అలాగని సోదరుడన్న బంధమూ తెగలేదు. శిక్షించడం న్యాయస్థానం పని. శిక్ష పూర్తయిన తర్వాత జీవితాంతం మాటలతో పొడవడానికి మనకు ఎవరూ అధికారం ఇవ్వలేదు.

ఇంకో సంగతి. 2022 చివరినాటికి మన దేశ జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని ప్రభుత్వ నివేదిక చెబుతోంది. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కాని వాళ్ళే. జైలుకు వెళ్ళొచ్చాడు అన్న ఒక్క మాటతో అందరినీ ఒకే గాటన కట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కూడా ఏ నేరమూ చేయకుండానే ఏళ్ళ తరబడి చెరసాలలో ఉన్నారు. ఆయనతో ఉండి విడుదలైన తోటి ఖైదీ బయటి ప్రపంచంలో పడి ఆయన సంగతే మరచిపోయాడు. మన జ్ఞాపకశక్తి కూడా అంతంత మాత్రమే!

అందరూ మారతారా?

మారరు. ఇది కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఎంత అవకాశం ఇచ్చినా మోసం చేసేవాళ్ళు ఉంటారు. తౌబాను కూడా బేరం వస్తువుగా వాడుకునే వాళ్ళు ఉంటారు. అలాంటి వారి నుంచి జనాన్ని కాపాడటానికే చట్టాలు, జైళ్ళు ఉన్నాయి. వాటి అవసరాన్ని ఇస్లాం ఎన్నడూ కాదనలేదు. కానీ ఎవరు మారతారో, ఎవరు మారరో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే నమ్మకాన్ని మెట్లు మెట్లుగా ఇవ్వాలి.

ఈ పద్ధతి మన జైళ్ళశాఖకు కొత్తది కాదు. హైదరాబాద్ దగ్గర మౌలాలీలో 1954లోనే ఖైదీల కోసం ఆరుబయలు వ్యవసాయ క్షేత్రం ప్రారంభమైంది. అనంతపురంలో 1965లో మరొకటి వచ్చింది. శిక్షలో కొంతకాలం సత్ప్రవర్తనతో గడిపిన వారిని, హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిన వారిని సైతం ఎంపిక చేసి ఇలాంటి చోటికి పంపుతారు. సెంట్రల్ జైలులో ఉన్నటువంటి ఎత్తైన గోడలు ఉండవు. పొలం పని చేస్తారు. పారిపోవాలంటే పారిపోవచ్చు. పారిపోకుండా ఉండటమే అక్కడ పరీక్ష. హైదరాబాద్ చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ళశాఖ నడిపే పెట్రోలు బంకులో ఖైదీల చేత పని చేయించడం మన పాఠకుల్లో కొందరు స్వయంగా చూసి ఉంటారు. సర్కారు ఖైదీ చేతికి పెట్రోలు పైపు ఇవ్వగలిగినప్పుడు, శిక్ష పూర్తి చేసుకున్న వాడి చేతికి మనం ఒక పానా ఇవ్వలేమా?

మనం చేయగలిగినవి

ప్రతి మస్జిద్ కమిటీ తలచుకుంటే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. వీటికి లక్షలు అక్కర్లేదు.

మొదటిది, మనిషి జైల్లో ఉండగానే అతని ఇంటివాళ్ళను పట్టించుకోవడం. భర్త చేసిన నేరానికి భార్య బాధ్యురాలు కాదు. తండ్రి తప్పుకు పిల్లల ఫీజులు ఆగిపోకూడదు. ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ మౌలిక సూత్రం. అలాంటి ఇంటి ఆడపిల్లకు రిష్తా వచ్చినప్పుడు వెనక నుంచి చెవిలో ఊదే వాళ్ళు ఈ సూత్రాన్ని గుర్తుచేసుకోవాలి.

రెండోది, విడుదలయ్యే రోజున ఇద్దరు పెద్దవాళ్ళు జైలు గేటు దగ్గరికి వెళ్ళడం. మనం వెళ్ళకపోతే పాత జట్టు తప్పకుండా వెళుతుంది. వాళ్ళకు ఆ తేదీ మనకంటే బాగా గుర్తుంటుంది.

మూడోది పని. మన మొహల్లాల్లో వెల్డింగ్ షాపులు, మెకానిక్ షెడ్లు, బేకరీలు, ఫర్నిచర్ దుకాణాలు ఉన్నాయి. జైల్లో చాలామంది వడ్రంగం, నేత, బేకరీ పని నేర్చుకుని వస్తారు. ఒక యజమాని ఒకణ్ణి పెట్టుకోవడానికి ఒప్పుకుంటే, కమిటీలో ఒకరు అతనికి పూచీగా నిలబడాలి. బద్ర్ యుద్ధ ఖైదీల్లో పరిహారం కట్టలేని వారి చేత మదీనా పిల్లలకు చదువు చెప్పించి విడుదల చేసినట్లు సీరత్ గ్రంథాల్లో ఉంది. శత్రువు చేతిలోని విద్యను కూడా వృథా పోనివ్వని సంప్రదాయం మనది.

నాలుగోది, బైతుల్ మాల్. విడుదలైన వాడు నిజంగా నిరుపేద అయితే అతను జకాత్‌కు అర్హుడే. కుట్టుమిషనో, తోపుడుబండో, పనిముట్ల పెట్టెనో కొనివ్వడం నగదు చేతిలో పెట్టడం కంటే మేలు. ఐదోది, బాధిత కుటుంబం. సహాయం పంచేటప్పుడు ముందు వాళ్ళ గుమ్మం తట్టాలి. నేరస్తుడికి తోపుడుబండి కొనిచ్చి, అతని వల్ల దిక్కులేనిదైన ఇంటిని మరచిపోతే ఆ దానంలో న్యాయం ఉండదు.

చివరగా, తిరిగి వచ్చిన ఆ సోదరుడికి కూడా ఒక మాట. జనం అనుమానంగా చూస్తున్నారని నొచ్చుకోవద్దు. నువ్వు కలిగించిన భయం వాళ్ళ మనసులో ఇంకా ఉంది. ఫుజైల్ (రహ్మ) కూడా తన పేరు విని వణికే ప్రయాణికులను చూసి కోప్పడలేదు, తనను తానే నిందించుకున్నారు. ఏడాదిపాటు ఓపికపట్టు. ఎవరి బాకీ ఉందో లెక్క రాసుకుని కొద్దికొద్దిగా తీర్చు. పాత జట్టు ఉన్న సందులోకి వెళ్ళకు. నూరు హత్యలు చేసిన వాడిని ఆ మంచి ఊరికి దగ్గర చేసింది ఒక్క జానెడు దూరమే. నువ్వు నడిచే ప్రతి అడుగూ అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

అల్లాహ్ తప్పుదారి పట్టిన వారికి నిజమైన తౌబా భాగ్యం ప్రసాదించుగాక! అన్యాయానికి గురైన వారి గుండెలకు ఊరట కలిగించుగాక! తిరిగి వచ్చేవాడు కాలు మోపగలిగే మంచి ఊరుగా మన మొహల్లాలను తీర్చిదిద్దే శక్తిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.